రాసింది ఇతనేనా?

పెళ్ళయి కువైట్‌లోని హవల్లీ ఫ్లాట్‌కి వచ్చిన కొత్తలోనే మా ఆయన వినే పాటల మీద నాకు అనుమానం మొదలైంది. ఆయన లండన్‌లో చదువుకుని ఇక్కడ కంప్యూటర్ ఉద్యోగంలో చేరారు. వస్తూ వస్తూ గ్రైమ్ అనే సంగీతం పిచ్చి వెంట తెచ్చుకున్నారు. దడదడలాడే వాయిద్యం మీద లండన్ కుర్రాడొకడు గుక్క తిప్పుకోకుండా మాటలు పలుకుతాడు. అతన్ని ఎంసీ అంటారట. నాకైతే ఎవరో ఎవరినో తిడుతున్నట్టే ఉండేది. మా బిల్డింగ్ కాపలా చూసే హారిస్ ఒకసారి తలుపు కొట్టి, ఇంట్లో గొడవేమైనా జరుగుతోందా అని అడిగి వెళ్ళాడు.

అర్థం చెప్పమంటే ఆయన కొన్ని లైన్లు చెప్పి కొన్ని దాటేసేవారు. దాటేసినవే అసలు సంగతులని నా నమ్మకం. పట్టుబట్టి విన్నాను. చెవికి అలవాటయ్యాక తెలిసింది, ఆ కుర్రాడి మొదటి ఆల్బమ్ నిండా నా అంతవాడు లేడన్న గొప్పలే.

రెండో ఆల్బమ్‌ని ఆయన స్నేహితుడు లండన్ నుంచి తెచ్చాడు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు ఆ సీడీని అటూ ఇటూ తిప్పి చూసిగానీ వదల్లేదట. సెలవురోజు శుక్రవారం పొద్దున్న, మధ్యలో ఆపకూడదనుకుని ఇద్దరం వినడానికి కూర్చున్నాం. సగంలో ఒక పాట వచ్చింది. రాత్రంతా ఆఫీసుల్లో నేలలు తుడిచి మొదటి బస్సులో ఇల్లు చేరే తల్లి. ఆమె మొహం చూడలేక నిద్ర నటించే కొడుకు. నేనే ఆపేశాను.

"ఇది ఇతను రాసింది కాదండీ."

"ఎందుకలా అనిపించింది?"

"నిన్నటిదాకా అద్దంలో తనని తాను తప్ప ఇంకెవర్నీ చూడనివాడు. డబ్బిచ్చి ఎవరిచేతో రాయించుకున్నాడు."

తననే అన్నట్టు ఆయన చిన్నబుచ్చుకున్నారు. మనిషన్నాక మారడా అన్నారు. నేను తెలుగు ఎమ్మే చదివినదాన్ని, ప్రాసలు పట్టుకోవడం అలవాటే. ఆ వారమంతా రెండు ఆల్బమ్‌లూ పక్కపక్కన పెట్టి విన్నాను. పాతదాంట్లో ప్రాస ఎటు పోతే అతనూ అటే పరిగెత్తేవాడు. కొత్తదాంట్లో అతను చెప్పాలనుకున్నది చెబుతున్నాడు, ప్రాస తనంతట తను వచ్చి కలుస్తోంది. అంత తేడా చూసేసరికి నా అనుమానం ఇంకా ముదిరింది.

చివరికి ఆయన కంప్యూటర్‌లో ఒక వీడియో చూపించారు. చిన్న రేడియో గదిలో అదే ఎంసీ పలుకుతుంటే వాయిద్యం ఆగిపోయింది. అతను మాత్రం ఆగలేదు. ఆగిపోయిన మెషీన్ మీదా, దాన్ని తడుముతున్న పక్కవాడి మీదా అక్కడికక్కడే పాట కట్టాడు. ఒకచోట తడబడ్డాడు, కళ్ళు మూసుకుని మాట కోసం వెతుక్కున్నాడు, దొరికాక చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ తడబాటు చూశాకే నమ్మాను. ఆ మెషీన్ నిజంగానే ఆగిందా, కావాలని ఆపారా అని మాత్రం ఆయన్ని అడిగాను.

మూడో ఆల్బమ్ వచ్చిన రోజు ఆయన ఆఫీసులో ఉండగా నేనొక్కదాన్నే విన్నాను. ఇంటికి రాగానే ఎలా ఉందని ఆత్రంగా అడిగారు.

"రాసింది ఇతనే," అన్నాను. "కానీ ఎవరి మెప్పు కోసం రాశాడో తెలియడం లేదు. మళ్ళీ తల్లి, మళ్ళీ బస్సు. ఈసారి మనల్ని ఏడిపించాలనే రాశాడు."

ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. భోజనాల దగ్గర, రెండు పాటల విషయంలో మాత్రం నేనన్నది నిజమేనని ఒప్పుకున్నారు. మిగతావాటి మీద మాకింకా తేలలేదు.