వైరు బల్బు ఇచ్చింది నేనే

నార్కట్‌పల్లి చౌరస్తా కాడ నేను, నా బామ్మర్ది కలిసి కార్ల రిపేరు షెడ్డు నడిపినం. ఇద్దరం గొర్లు కాసే ఇండ్లల్ల పుట్టినోళ్లమే. పని నేనే నేర్పిన. జాగ్రత్త మాత్రం వానికే ఎక్కువ. పెట్రోలు వాసన వస్తాందని ఎవరన్న కారు తెస్తే ముందుగాల ఇంజన్ సల్లారనిచ్చెటోడు. కారును బయటికి నూకి, బ్యాటరీ వైరు తీసి, పక్కకు ఇసుక బకెట్ పెట్టుకునెటోడు. గప్పుడే టార్చి పట్టుకొని కిందికి దూరి, ట్యాంకు నుంచి పెట్రోలు పోయే పైపును, ఆవిరి పోయే సన్న పైపును జానెడు జానెడు చూసెటోడు. నాకు నవ్వొచ్చేది.

ఒక ఎండకాలం పొద్దున పెండ్లికి పోయెటోళ్ల కారు వచ్చింది. వాసనకు వాళ్ల అవ్వ కక్కుకుంటాంది. అందరు దిగి ఎదురుంగ హోటల్ నీడకు పోయిన్రు. చూస్తే టార్చిల సెల్లులు అయిపోయినయి.

"జర ఆగు బావా, సెల్లులు తెస్త. ఇంజన్ గూడ సల్లబడ్తది," అన్నడు.

"వాళ్లకు ముహూర్తం దాటిపోతాంది. గీ కరెంటు వైరు బల్బు పట్టుకొని జెప్పన చూడు," అన్న.

నా మాట కాదనలేక దూరిండు.

"బావా, పైపు పలిగింది, గీడ కారుతాంది..."

కాలుతున్న బల్బు మీద పెట్రోలు పడి పటేల్మని పగిలింది. మంట లేచింది. కాళ్లు పట్టి గుంజిన, ఇసుక పోసిన. అప్పటికే రెండు చేతులు కాలినయి.

నల్గొండ దవాఖానల పాణం నిలిచింది గని, వేళ్లు ముడుచుకపోయినయి. పానా సంగతి పక్కకు పెట్టు, అన్నం ముద్ద గూడ పట్టరాదు. నా అత్త తినిపిస్తది. ఎట్లయిందని అడిగినోళ్లందరికి "నేనే తొందరపడ్డ" అని చెప్పిండు. నేను పక్కనే నిలబడి నోరు తెరవలే. ఊరంతా నన్నే ఓదార్చింది.

ఏడాదికి ధైర్యం చేసి, ఒక్కడే ఉన్నప్పుడు అడిగిన. "గట్లెందుకు చెప్పినవ్ రా? నేను నిజం చెప్త."

"వద్దు బావా. అక్క నీతోని బతకాలె గద."

ఇప్పటికీ నా భార్యకు చెప్పలే. తమ్ముని తొందరపాటును తలుసుకొని ఆమె తిట్టుకుంట ఏడుస్తది. నేను ఇనుకుంట కూసుంట.