అంబలితో అతికించిన అక్షరాలు

ఇరవై రెండు ఇళ్లకు రావలసిన నీళ్లను నేనొక్కణ్ణే, ఒక్క పూటలో, రెండు వేళ్లతో ఎండగట్టబోయాను. కరువుకైనా అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. మీరు నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

నేను అక్షరాలు దిద్దింది నలభై ఆరో ఏట, వయోజన విద్య బడిలో. అంతవరకు నా చదువంతా నా బొటనవేలే. లేటు వయసులో పెళ్లయినవాడికి పెళ్లాం మీద మోజెక్కువంటారు. నాకు చదువు మీద అలాంటి మోజు. కాగితం మీద ఖాళీ గడి కనిపిస్తే చాలు, టిక్కు పెట్టేవాణ్ణి. పెట్టకపోతే ఆఫీసువాళ్లు కాగితం తిప్పి పంపుతారని మా బడిలో చెప్పారు మరి. ఈ టిక్కు సంగతి గుర్తుంచుకోండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, అరకులోయలో మా కాఫీ రైతుల సంఘానికి ఒక కంప్యూటరు వచ్చింది. దాన్ని నడిపేది విజయనగరం నుంచి వచ్చిన పార్వతి. కొండ మీది ఊట నుంచి మా ఊరికి పైపు వెయ్యాలన్న అర్జీని దాంట్లోనే టైపు చేసి ఉంచింది. శుక్రవారం సంతనాడు దాన్ని అచ్చు తీసి ఆఫీసరుగారికి ఇవ్వాలి. ఆయనకు బదిలీ అయింది. "రెండింటికి నా జీపు కొండ దిగుతుంది. ఆలోపు కాగితం తెస్తే మంజూరు చేసి పోతాను. నా తరవాత వచ్చేవాడి సంగతి నాకు తెలీదు" అని ముందే చెప్పాడు.

పది గంటలకు పార్వతి, "తాతా, కాసేపు సూస్తుండు, సంతలో కూరలు కొని బేగి వచ్చేత్తాను" అని వెళ్లింది. మేకను చిక్కుడుపాదుకు కాపలా పెట్టి వెళ్లిందన్నమాట.

ఆ కీబోర్డంటే నాకు మొదటినుంచీ కంపరం. 'ఏ' పక్కన 'బీ' ఉండాలా, 'ఎస్' ఉండాలా? పైగా అర్జీ తెలుగులో, మీటలు ఇంగ్లీషులో! సరిచేద్దామని నా సంచిలోని పాత వాచకం తీసి అక్షరాలు కత్తిరించాను. జిగురు దొరకలేదు. మధ్యాహ్నానికి తెచ్చుకున్న చోడి అంబలి, అదే రాగి జావ, ఉంది. దాంతో అ, ఆ, ఇ, ఈ అని వరసగా అతికించుకుంటూ పోయాను. మీటలు అయిపోయాయి, అక్షరాలు మిగిలాయి. మిగిలినవాటికి అంకెల మీద ఇళ్లు కేటాయించాను.

ఇక యంత్రానికి కూడా చెప్పాలి కదా. పార్వతి ఎక్కడ నొక్కుతుందో చూసి ఉన్నాను. భాషల జాబితా తెరిచి తెలుగు పెట్టాను. నేను అతికించిన వరస అది చూసి నేర్చుకుంటుందనుకున్నాను. దానికి కళ్లు లేవని నాకెవరు చెప్పారు? ఆ తరవాత గడులు కనిపించాయి. అన్నిటికీ టిక్కు. ఇంగ్లీషు తీసెయ్యమంటావా అన్నట్టు ఏదో అడిగింది. సరే అన్నాను. ఆరి మళ్లీ వెలగమంటావా అంది. అలాగే వెలగమన్నాను.

వెలిగింది. వెలిగి పాస్‌వర్డ్ అడిగింది.

పార్వతి వచ్చేసరికి పదకొండు.

"ఏటిది తాతా! మీటల మీద ఏటి పూసినావు?"

"అచ్చరాలేనమ్మా. వరసలో ఎట్టినాను."

"దేంతోటి?"

"అంబలి."

ఆమె కూరల సంచి కింద పెట్టి పాస్‌వర్డ్ కొట్టింది. తప్పంది యంత్రం. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే.

"మరిసిపోనావేటమ్మా?"

"నానేటీ మరవనేదు! నా యేళ్లకి తెలుసది. ఇంగ్లీసులో కొడితేనే తెరుసుకుంతాది. లోపలేమో తెలుగు పడతంది. ఇంగ్లీసు తీసేసినావా?"

"అదే అడిగిందమ్మా."

"అడిగితే తీసెత్తావా?"

"గడి ఉంది కదా!"

గోటితో అక్షరాలు గీకింది. ఎండిన చోడి అంబలి సిమెంటుకు పెద్దన్న. విశాఖపట్నంలోని మెకానిక్కుకు ఫోను చేస్తే, రేపటి రైలుకు వస్తానన్నాడు. పన్నెండున్నర. అంబలి వాసనకు చీమలు మాత్రం వచ్చాయి, చక్కగా వరసలో. ఆ గదిలో వరస తెలిసింది వాటికే.

అప్పుడే మా బావ సోమన్న, సంతలో అమ్ముడుపోని మేకతో గుమ్మంలో నిలబడ్డాడు. సంగతి విని నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"బావా, మీ చెల్లి బిందెలు మోసి మోసి నడుం వంగిపోనాది. ఈ యేడు పైపొత్తాదని ఊరంతా సెప్పుకుంతంది. ఇప్పుడు దానికేటి సెప్పమంతావు? మీ అన్న పైపుని అంబల్లో ముంచేసినాడని సెప్పనా?"

నేను మీట మీది 'అ'ను గోటితో గీకసాగాను.

"అచ్చరాలొచ్చినోడివి కదా, సేత్తో రాయి" అన్నాడు సోమన్న.

చేత్తో రాస్తే అర్జీ పెట్టేవాడే రాయాలని ఆఫీసరుగారి నియమం, అందుకని పార్వతి చెబుతుంటే నేనే రాయడం మొదలుపెట్టాను. ఆమె నోరు రైలు, నా చెయ్యి ఘాటీ ఎక్కే లారీ. ఒంటిగంటకు ఆరుగురి పేర్లయ్యాయి. ఒంటిగంటన్నరకు పదమూడు. చెమట చుక్క పడి పద్నాలుగో పేరు అలుక్కుపోతే దిద్దాను. ఇరవై ఒకటో పేరు దగ్గర బయట ఆఫీసరుగారి జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"నువ్వు రాయి, జీపు సంగతి నాను సూసుకుంతాను" అని సోమన్న మేకతో పరుగెత్తాడు.

ఇరవై రెండో పేరు, కింద నా గుర్తు, అంతే, నేనూ పరుగెత్తాను. చూస్తే మేక జీపు ముందు చక్రానికి ఆనుకుని పడుకుని ఉంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. సోమన్న, "బాబూ, ఇది నా మాటినదు" అంటున్నాడు. నా జన్మలో ఏ మేకకూ అంతగా దణ్ణం పెట్టలేదు.

ఆఫీసరు కాగితం అందుకున్నాడు. చదివాడు. కిందికి వచ్చేసరికి నొసలు ముడిపడ్డాయి.

"ఇది ఎవరు రాశారు?"

"నానే బాబూ."

"నువ్వా? మరి కింద ఈ వేలిముద్ర ఏమిటి?"

చూసుకున్నాను. రెండు పేజీలు సొంతంగా రాసిన మొనగాణ్ణి, తొందరలో స్టాంపు సిరాలో వేలు ముంచి, పాత అలవాటుకొద్దీ ముద్ర గుద్దేశాను! పార్వతి వేళ్లకు పాస్‌వర్డ్ తెలిసినట్టే, నా వేలికి దాని పని తెలుసు.

"రాసినవాడు ఒకడు, వేలు ఇంకొకడిది. దొంగ అర్జీ ఇస్తే ఏమవుతుందో తెలుసా?"

డ్రైవర్ని పెన్ను ఇమ్మన్నాను. జీపు బానెట్టు మీద కాగితం పరిచి రాశాను: గంగులు. ఆయన పై వరసల్లోని 'గ' చూశాడు, ఈ 'గ' చూశాడు. పేర్లన్నీ మరోసారి లెక్కపెట్టాడు. తరవాత తన పెన్ను తీసి మంజూరని రాసి సంతకం పెట్టాడు. మేక దానంతట అదే లేచింది.

ఊరివైపు నడుస్తుంటే సోమన్న అన్నాడు: "బావా, ఆ మిసనుకి కూడా నీ యేలు ముద్ర ఏసుంతే తెరుసుకునీదేమో."

ఆ మాటకు దారి పొడుగునా నవ్వాడు. వేసవికల్లా ఊట నీళ్లు మా ఊళ్లో దిగాయి. ఇప్పుడు మా మనవరాలి ఫోను బొటనవేలు పెడితేనే తెరుచుకుంటోంది. నలభై ఆరేళ్లు నన్ను వేలిముద్రగాడని వెక్కిరించిన చదువుకున్నవాళ్లంతా నా దారికే వచ్చారు.

అయినా ఆ ఊట మీద ఒట్టు: పరాయివాళ్ల మీటల వరస దిద్దను, గడి ఎంత ముద్దుగా కనిపించినా టిక్కు పెట్టను, అంబలి తాగడానికి తప్ప వాడను. ఈ ఒట్టు కింద సంతకం పెట్టానా, వేలిముద్ర వేశానా అని మాత్రం అడక్కండి.