బావ లేచి నిలబడ్డ రోజు

మా అక్క మొగుడికి లోకంలో అన్నీ వచ్చు, చేసే ఉద్యోగం తప్ప. నాటకశాల వాద్యబృందంలో బసూన్ వాయిస్తాడు. బసూన్ అంటే దాదాపు మనిషంత పొడవు చెక్క గొట్టం. ముక్కలన్నీ బిగించి, పైన వంకర లోహపు గొట్టం పెట్టి, దాని కొసన రెల్లుతో చేసిన రీడ్ తగిలించి ఊదాలి. బాగా ఊదితే పెద్దాయన గొంతు సవరించుకుని మాట్లాడినట్టుంటుంది. మా బావ ఊదితే ఆ పెద్దాయన సవరించుకోకుండానే మొదలుపెట్టినట్టుంటుంది.

ఊదేటప్పుడు నోటి తడి గొట్టంలోకి దిగుతుంది. వాయించడం అయ్యాక దారానికి కట్టిన గుడ్డను లోపలి నుంచి లాగి తుడవాలి. మొదటి పాఠంలోనే చెప్పే పని ఇది. ఈ మహానుభావుడికి అంత చిన్న పనికీ ఒళ్లు వంగదు. ఆ తడి రంధ్రాల్లో చేరి గురగురమంటుంది. బృందంలో ఆయన్ని ‘గురగుర’ అంటారు. అయినా తప్పెప్పుడూ ఆయనది కాదు. మంద్రస్వరం మెల్లగా పలకకపోతే రీడ్‌ది తప్పు, రీడ్ చీలితే వాతావరణానిది, శ్రుతి తప్పితే పక్కన కూర్చునే క్లారినెట్ ఆవిడది. నీళ్ల గ్లాసుల్లో రీడ్లు నానేసి మరిచిపోతే మా అక్క చూసుకోకుండా తాగబోయిన రోజులున్నాయి.

నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తాను. వాళ్లుండేది అద్దె ఇల్లు. ఆ ఇంట్లో బసూన్‌ను మించిన ఖరీదైన వస్తువు లేదు. బృందంలో ఎవరి వాయిద్యం వాళ్లే తెచ్చుకోవాలి కాబట్టి, అది పోతే ఉద్యోగమూ పోతుంది.

“బావా, దానికో పాలసీ తీసుకో. కింద పడ్డా, దొంగలెత్తుకుపోయినా మేం చూసుకుంటాం,” అని ఎన్నిసార్లో చెప్పాను.

“ఇన్సూరెన్స్ చేతకానివాళ్లకి. ఇన్నేళ్లలో ఎప్పుడైనా నా చేతిలోంచి జారిందా?”

“జారితే?”

“నీ కమీషన్ కోసం అపశకునం మాటలు మాట్లాడకు.”

కమీషనట, ఏడిసినట్టుంది. నాది నెలజీతమని మా అక్క పెళ్లినాటి నుంచీ చెబుతున్నాను, ఆ బుర్రకెక్కదు.

పోనీ, నిజంగా చేతిలోంచి జారదన్నది ఒకందుకు నిజమే. బసూన్ బరువును చేతులు మోయలేవు. కుర్చీ మీద తోలు పట్టీ పరిచి, దాని మీద కూర్చుని, పట్టీ కొసనున్న కొక్కేన్ని బసూన్ అడుగున తగిలిస్తారు. మా బావ కదలకుండా కూర్చున్నంతసేపూ అది భద్రంగా ఉంటుంది. కదలకుండా కూర్చోవడంలో ఆయనకు సాటి లేరు.

ఒక సాయంత్రం అక్కా నేనూ ఆయన కచేరీకి వెళ్లాం. ఆ రోజు ఏమైందో, రీడ్ కుదిరింది. బసూన్ ఒంటరిగా వాయించే చోటు వచ్చింది. గురగుర లేదు. మంద్రం మెత్తగా, నిండుగా పలికింది. ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి, బాగా వాయించాడు. చివర్లో చప్పట్లు మోగుతుంటే బృందనాయకుడు మా బావ వైపు చెయ్యి చూపించి లేవమన్నాడు. ఉద్యోగంలో చేరాక ఆయన్ని ఎవరూ అలా లేవమనలేదు.

ఆయన తటాలున లేచి, ఎన్నికల్లో గెలిచినవాడిలా రెండు చేతులూ పైకెత్తాడు. కింద పట్టీ వదులైంది. బసూన్ నేలకు కొట్టుకున్న చప్పుడు చివరి వరుసలో ఉన్న మాకు కూడా వినిపించింది.

మర్నాడు మరమ్మతు చేసేవాడి దగ్గరికి మమ్మల్నీ తీసుకెళ్లాడు. అడుగు ముక్క నిలువునా చీలింది. అతను లోపల వేలు పెట్టి చూశాడు.

“చెక్క నానిపోయి మెత్తబడిందండీ. తుడిచేవారు కాదా? ఇది అతుక్కోదు.”

బయటికి రాగానే మా బావ, “నిన్నటి తేదీతో పాలసీ రాయడం కుదరదా?” అన్నాడు.

“పగిలాక గుర్తొచ్చామా? పట్టీ మీద కూర్చున్న సంగతి ఎలా మరిచిపోయావ్, బావా? నేర్చుకునే పిల్లలు కూడా చెయ్యరు ఆ పని.” మా అక్క ముందే కడిగిపారేశాను.

“మిగతావాళ్లని అప్పుడప్పుడూ లేపుతారు, వాళ్లకి అలవాటు,” అన్నాడాయన. “నన్నెప్పుడు లేవమన్నారు?”

నాకు జాలేసింది. ఈ మనిషి మీద జాలిపడాల్సి వచ్చినందుకు ఒళ్లు మండింది కూడా.

ఒక సంగీత పాఠశాల వాళ్లు మూలపడేసిన పాత బసూన్ అరువిచ్చారు. పాలసీ నేనే రాయించాను, కిక్కురుమనకుండా సంతకం పెట్టాడు. ఇప్పుడు రోజూ గుడ్డ లాగి తుడుస్తున్నాడు. గురగుర పోయింది. బుద్ధి రావడానికి ఒక బసూన్ ఖర్చయింది.

మొన్నటి కచేరీలో నాయకుడు మళ్లీ ఆయన వైపు చెయ్యి చూపించాడు. హాలంతా చప్పట్లు. మా బావ బసూన్‌ను రెండు చేతులా వాటేసుకుని కుర్చీకి అతుక్కుపోయాడు. క్లారినెట్ ఆవిడ మోచేత్తో పొడిచింది. నాయకుడు మళ్లీ సైగ చేశాడు.

“లేవమని చెప్పవే,” అంది మా అక్క, నా చెయ్యి పట్టుకుని.

పాలసీ ఉంది, లేవొచ్చు బావా అని చివరి వరుసలోంచి నేనెలా అరవను? నాయకుడు కాసేపు చూసి, ఆ చేతిని క్లారినెట్ ఆవిడ వైపు తిప్పాడు. ఆవిడ లేచింది.