ముడి గుంజి చూసే పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. ముందురోజు సాయంత్రమే ఆమె నన్ను ఫోన్లో తిట్టింది. "ఈసారి దారం నాసిరకంది తెచ్చినారు. పొద్దున బస్సుకు వస్తాండా, అంతదాకా ముట్టుకోవద్దండి" అంది. అలా చెప్పిన మనిషి పొద్దునకు లేదంటే ఎవరు నమ్ముతారు? నిద్రలోనే గుండె ఆగిందని ఆమె కోడలు ఏడుస్తూ మళ్లీ చెప్పింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చెప్పకుండా పోయేంత తొందర ఏమొచ్చిందని ఇప్పటికీ కోపంగానే ఉంది.

పెద్దమ్మ అని పిలిచేదాన్నే కానీ ఆమె నాకు చుట్టం కాదు. ప్రొద్దుటూరులో నగల అంగడి నడిపే ఇంటామె. పెన్న పొంగి, జమ్మలమడుగు దగ్గర మా ఊరిని ఊడ్చుకుపోయినప్పుడు దుప్పట్లు పంచడానికి కొందరితో కలిసి వచ్చింది. మిగతావాళ్లు పంచిపెట్టి, ఫోటోలు దిగి వెళ్లిపోయారు. ఈమె మాత్రం వక్కాకు నములుతూ మా మధ్య చతికిలబడి, "మీకు చేతనైన పనేంది?" అని అడిగింది. కనకాంబరాలు కడతామన్నాం. "అయితే దారం మీ మాట వింటాది" అని లేచి వెళ్లి, కొన్నాళ్లకే నల్లపూసల సంచులతో తిరిగొచ్చింది. రేకుల షెడ్డు కింద మాకు గుచ్చడం నేర్పింది.

మేమేమో అలవాటు కొద్దీ, పూలు కట్టినట్టే పూస పూసకూ ముడి వేసేశాం. ఆ దండను ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మెడకేసుకునేదా, కొప్పులో పెట్టుకునేదా?" అని మొత్తం విప్పించింది. ఆ తర్వాత ప్రతి దండనూ రెండు చేతులతో గుంజి చూసేది. "తెగితే ఈడనే తెగాల, పెళ్లికూతురి మెడలో కాదు" అనేది. ఏనాడూ బాగుందని చెప్పిన పాపాన పోలేదు. నచ్చితే తన సంచిలో వేసుకునేది, అంతే.

నేను మాత్రం గుచ్చేదాన్ని కాదు. వరదలో బర్రెను విప్పడానికి వెళ్లిన మా ఆయన తిరిగి రాలేదు. అందుకే ఓ మూల కూర్చుని పూసలు ఏరి ఇచ్చేదాన్ని. ఒకరోజు పెద్దమ్మ కనిపెట్టి అడిగింది.

"బొట్టు లేనిదాన్ని. పెళ్లి నల్లపూసలు నేను ముట్టుకుంటే ఎవురు కొంటారు పెద్దమ్మా? వీళ్లందరి పొట్ట కొట్టినట్టయితాది" అన్నాను.

"పూసకు నీ బొట్టు కనపడదు. ముడి కనపడతాది. పట్టుకో" అని సూది నా చేతిలో పెట్టింది.

పోనీ ఆ సంగతి దాచి అమ్మిందా అంటే, అదీ లేదు. కొనేవాళ్లకు ముందే చెప్పేది, ఇది మొగుణ్ణి వరదలో పోగొట్టుకున్న బిడ్డ గుచ్చిందని. చెప్పొద్దని ఆమె కాళ్లావేళ్లా పడ్డాను. "దాచి అమ్మితే నిన్ను దాచినట్టే" అంది. పాత దండలు తిరగ గుచ్చించుకునే పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. పెళ్లి నల్లపూసలు మాత్రం ఒక్కరూ నా చేత గుచ్చించలేదు. ఆమె అడగడమూ మానలేదు. ఈ మనిషికి విసుగన్నది రాదా అనుకునేదాన్ని. ఆ మొండితనానికి నేనెంత రుణపడి ఉన్నానో ఆమెకు ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.

ఆమెను సాగనంపి వచ్చిన మర్నాడు, ఏం చేయాలో తోచక షెడ్డులో ఊరికే కూర్చున్నాను. పులివెందుల నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. వస్తూనే నా పేరడిగి తెలుసుకుని, "మీ పెద్దమ్మ యాడుంది?" అని అడిగింది తల్లి. "మా పాప పెండ్లికి నల్లపూసలు నీ చేతనే గుచ్చిస్తానని ఆయమ్మ అడిగింది. ఇంట్లో మాట్లాడి చెప్తామంటిమి. ఒప్పుకున్నామని ఆయమ్మకు చెప్దామని వచ్చినాం."

పెద్దమ్మ పోయిందని చెప్పాను. ఆ తల్లి వచ్చి నా పక్కన కూర్చుంది. నిన్ననే చావింటికి వెళ్లొచ్చాను, శుభకార్యం పని, వేరేవాళ్లు గుచ్చుతారులే అన్నాను. తల్లి కూతురి వైపు చూసింది.

ఆ పిల్ల నా ముందుకొచ్చి కూర్చుంది. జడ పక్కకు తీసుకుని మెడ వంచింది. "కొలత తీసుకో అక్కా" అంది.

దారం ఆమె మెడ చుట్టూ వేశాను. నా వేళ్లు ఆమె మెడకు తగులుతున్నాయి. ఆ పిల్ల కదల్లేదు.