కంభం చెరువు మీద ఒక్క దెబ్బ

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. కొలవగలిగినదాన్నే రాసుకోవాలని నేర్పిన చదువు నాది. ఇది కొలతకు లొంగలేదు గనుక ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నన్ను కంభం చెరువు మీదికి సూపర్వైజరుగా వేశారు. అప్పటికి గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆఫీసు కాగితాల మీద ఇంకా మద్రాసు ముద్రలే. ఉదయం, సాయంత్రం గేజీ చూసి నీటిమట్టం రాయడం, తూములు పరీక్షించడం నా పని. కట్ట పక్కన ఒంటిగది. చీకటి పడ్డాక నా గొంతు నాకు వినబడాలంటే దగ్గవలసి వచ్చేది.

పని కాని మాట నాతో మొదట మాట్లాడినవాడు చెన్నయ్య. అరవై ఏళ్లవాడు, ఆ చెరువులోనే చేపలు పట్టి బతికినవాడు. గాలం వేయడం నాకు నేర్పినదీ, తన పాత పుట్టి ఇచ్చినదీ అతడే. పుట్టి అంటే వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ. కూర్చోవడానికి మధ్యలో ఒక అడ్డపీట ఉంటుంది.

ఆశ్వయుజ వానలకు వాగుల నుంచి కొత్తనీరు దిగుతుంది. ఎర్రనీరు, తేటనీరు కలిసేచోట గీత గీసినట్టు ఒక హద్దు ఏర్పడుతుంది. చేప ఆ హద్దు వెంట తిరుగుతుంది. కార్తీకంలో నీరు చల్లబడితే తెల్లవారుజామున లోతులోనే ఉండి, ఎండ తగిలాక, నీట మునిగిన తుమ్మచెట్ల మధ్యకు మేతకు వస్తుంది. అక్కడ బారన్నర లోతులో తవుడుముద్ద వేలాడదీసి, గాలం తాడుకు కట్టిన జీలుగుబెండు మీద చూపు నిలిపి కదలకుండా కూర్చోవాలి. ఇవన్నీ గాలి దిశతో, నీటి వేడిమితో సహా నేను పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

"ఏంది సారూ, చేపను పట్టేకి వచ్చినావా, దాని జాతకం రాసేకి వచ్చినావా?" అని చెన్నయ్య నవ్వేవాడు.

ఆ చెరువు మీద ఒక కట్టుబాటు ఉండేది. పొగమంచులో దారి తెలియనివాడు తెడ్డుతో అడ్డపీట మీద రెండు దెబ్బలు కొడతాడు. విన్నవాడు ఒకటి కొట్టాలి. రెండంటే "ఎవరన్నా ఉండారా?" ఒకటంటే "ఉండా." ఆ ఒక్క దెబ్బను పట్టుకుని అడిగినవాడు తుమ్మల్లోకి పోకుండా బయటపడతాడు. తుమ్మముల్లు దిగితే పుట్టి తోలు నిలవదు.

చెన్నయ్య తాను తిరిగే పుట్టిలోని పీటకు నిలువునా పగులుండేది. దాని మోత వేరు. ముందు మొద్దుగా, వెంటనే చిన్నగా చిటిలినట్టు.

రెండవ ఏడాది కార్తీకంలో ఒక ఉదయం మంచు దట్టంగా పట్టింది. ఇద్దరం చెరో పుట్టిలో ఉన్నాం. నా బెండు రెండుసార్లు వణికి పక్కకు జరిగింది. పెద్ద చేప మేతను రుచి చూస్తోంది. సరిగ్గా అప్పుడే పగిలిన పీట మీద రెండు దెబ్బలు వినబడ్డాయి. కొడితే చేప బెదురుతుంది. నేను కొట్టలేదు. కాసేపటికి మళ్లీ రెండు. బెండు మునిగింది. చేపను పైకి లాగాక ఒకటి కొట్టాను. అటునుంచి ఏమీ రాలేదు. ఇంటికి పోయి ఉంటాడనుకున్నాను.

మధ్యాహ్నానికి తుమ్మల మధ్య తోలు చిరిగిన పుట్టి దొరికింది. కాళ్లకు వల చుట్టుకున్న చెన్నయ్య మరునాడు దొరికాడు.

అతడి భార్య ఓబులమ్మ నన్ను ఒక్కటే అడిగింది. "కొట్టినాడా నాయనా?"

"ఏమీ వినబడలేదవ్వా," అన్నాను.

ఏడాదిపాటు ఆమె ఇంటి ముందు నుంచి వెళ్లడం మానుకున్నాను. కట్ట మీదికి చుట్టుదారిన పోయేవాణ్ణి.

మరుసటి కార్తీకంలో ఒంటరిగా నీటి మీదికి వెళ్లాను. ఉదయం ఏడు దాటింది. గాలి లేదు. చూస్తుండగానే మంచు కమ్మింది. తెడ్డు వేసేకొద్దీ తుమ్మకొమ్మలు దగ్గరయ్యాయి. ఒకటి పుట్టి అంచును గీకింది. ఎవరూ లేరని తెలిసీ రెండు దెబ్బలు కొట్టాను.

ఒకటి వచ్చింది. ముందు మొద్దుగా, వెంటనే చిటిలినట్టు.

ప్రతిధ్వని అనుకున్నాను. అయితే ప్రతిధ్వని రెండింటికి రెండు తిరిగివ్వాలి, కొండలవైపు నుంచి రావాలి. ఇది చెరువు నడుమ నుంచి వచ్చింది. పైగా నా పీటకు పగులు లేదు. మళ్లీ రెండు కొట్టాను. మళ్లీ ఒకటి. అటే తెడ్డు వేశాను. మూడోసారి కూడా ఒకటే వచ్చింది, అంతే దూరాన, కట్టవైపుకు జరిగి. పుట్టి కట్ట రాళ్లకు తగిలాక నాలుగోసారి కొట్టాను. జవాబు లేదు.

మంచు విడిచాక చూస్తే చెరువు మీద నా పుట్టి ఒక్కటే. తూము దగ్గర కాపలా ఉన్న లస్కరు, ఆ ఉదయం ఇంకెవరూ నీటిలోకి దిగలేదన్నాడు.

గదికి పోలేదు. తిన్నగా ఓబులమ్మ ఇంటికి నడిచాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది.

"అవ్వా, ఆ రోజు చెన్నయ్య కొట్టాడు. నేను విన్నాను. గాలానికి చేప తగులుతోందని పలకలేదు."

ఆమె చేయి ఆగలేదు. రొట్టె పెనం మీద వేసి అడిగింది. "ఎన్నిమార్లు కొట్టినాడు?"

"రెండుమార్లు."

"చేప పడిందా?"

"పడింది."

రొట్టె మాడిన వాసన వచ్చింది. అప్పుడు ఆ ఉదయం జరిగినది చెప్పాను.

"నువ్వు అడిగితే పలికినాడా?" అంది. "ఆయనంతే నాయనా. చేప పోతే పోయిందని పలికేవాడు."

చెన్నయ్య పీట ఏమైందని అడిగాను. ఆమె లేచి, తాను కూర్చున్నదాన్నే కాలితో నావైపు జరిపింది. నిలువునా పగిలిన పీట. "సంవత్సరం నుంచి ఈడనే ఉండాది. పొద్దున్నించీ దీనిమీదనే కూచోనుంటి."

వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూశాను. ఆ మోతే.

నీటిమట్టం, గాలి, వేడిమి ఆ రోజువి నా పుస్తకంలో ఉన్నాయి. వాటిలో దేనితోనూ దీనికి లెక్క కుదరదు. ఆ ఒక్క దెబ్బ ఎవరు కొట్టారో నేటికీ నాకు తెలియదు. అంతకు ఏడాది ముందు రెండు కొట్టినది ఎవరో మాత్రం తెలుసు.