తలుపు వైపు వరుస

నేను చదువు నేర్చుకోకముందే పరిశోధనకు పనికొచ్చాను. గొప్ప కోసం చెప్పుకుంటున్న మాట కాదు. ఆ పరిశోధనలో నా వంతు పని దెబ్బలు తినకుండా కూర్చోవడం. అది కూడా చివరిదాకా సరిగ్గా చేయలేకపోయాను.

మాది ఎల్లారెడ్డి. ఊరి చివర మా వాడ. మా తాత కాలంలోనే మేం మతం మారాం గానీ, మమ్మల్ని చూసే ఊరు మాత్రం మారలేదు. మా ప్రార్థన ఇంట్లో రెండో తరగతి దాకా చదువు చెప్పేవారు. ఆపైన చదవాలంటే సర్కారు బడే దిక్కు. మా బాపు పటేలు దగ్గర పాలేరుగా జీతం ఉండేవాడు. నన్ను కూడా పసుల వెంట పంపమని పటేలు ఇంట్లో అడుగుతూనే ఉన్నారు. బాపు మా పాదిరి గారి వెంటపడి, ఆయన చేత ఒక మాట చెప్పించి, నన్ను సర్కారు బడిలో వేశాడు. చదువు అబ్బకపోతే నన్ను పసుల దగ్గరికే పంపుతానని పటేలుకు మాట కూడా ఇచ్చాడు. ఆ లెక్కన నాకు రెండు చదువులు సిద్ధంగా ఉన్నాయి. ఒకదానికి పలక, ఇంకోదానికి పేడ తట్ట.

బడిలో మా వాడ పిల్లలం తలుపు దగ్గర కింద కూర్చునేవాళ్లం. మిగతావాళ్లు గోడ వైపు చాపల మీద. పాత పంతులు వాళ్లను దగ్గరికి పిలిచి బెత్తంతో కొట్టేవాడు. మా తప్పులకు మాత్రం కూర్చున్న చోటి నుంచే బెత్తం విసిరేవాడు. తగిలినా తగలకపోయినా మేమే దాన్ని తీసుకెళ్లి ఆయనకు దూరంగా నేల మీద పెట్టాలి. ఆయన దాని మీద నీళ్లు చిలకరించి తీసుకునేవాడు. లెక్కల్లో వెనకపడ్డా, వంగి తప్పించుకోవడంలో నేనే ముందు.

అలా ఉండగా పట్నం నుంచి కొత్త సారు వచ్చాడు. యూనివర్సిటీ వాళ్ల ట్రైనింగ్ కాలేజీలో పంతుళ్లకు పంతులు పని నేర్పుతారట. అక్కడ చదివే వాళ్లు ఏదో ఒక బడికి వెళ్లి పిల్లల మీద ఒక చిన్న పరిశోధన కూడా చేసి రావాలట. ఆయన కామారెడ్డి దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి బస్సులో దుమ్ము కొట్టుకుని దిగాడు. వయసు తక్కువ, గొంతు మెత్తన, మాట సగం ఉర్దూ. పాత పంతులు సంతోషంగా తరగతిని ఆయనకు వదిలేసి వరండాలో కునుకు తీయడం మొదలుపెట్టాడు.

కొత్త సారు మొదటి రోజే సుద్దముక్కతో గది మధ్య గీత గీశాడు. గోడ వైపు వాళ్లకు పాత పద్ధతి, తలుపు వైపు వాళ్లకు దెబ్బలు లేని పద్ధతి. ఎవరు బాగా నేర్చుకుంటారో నెల తర్వాత చూస్తాడు. తలుపు వైపు ఎవరు కూర్చుంటారో, ఎందుకు కూర్చుంటారో ఆయన అడగలేదు. మేమూ చెప్పలేదు. మాకు అర్థమైంది ఒక్కటే, ఇక దెబ్బలు లేవు. ఆ సంబరంలో నేను అంతకుముందు రాని తప్పులు కూడా చేశాను.

ఇంటికొచ్చి ఈ వైభవం ఊరికే ఉంచుకోలేకపోయాను. అన్నం తింటూ బాపుకు చెప్పాను. బాపు ముద్ద చేతిలోనే ఆపాడు.

“ఎవ్వల్ని కొడ్తలేడా?”

“గోడ దిక్కోల్లను కొడ్తడు. మమ్ముల్నే కొట్టడు.”

బాపు ముద్దను కంచంలో పెట్టేశాడు. “పాత పంతులు కట్టెనన్న ఇసిరేటోడు. ఈయన కట్టెను సుత మీ మీదికి రానిస్తలేడు.”

“కొడుక్కు దెబ్బలు పడ్తలేవని ఏడ్సేటోన్ని నిన్నే జూస్తున్న” అంది నన్ను కన్న మా అవ్వ. “కొట్టకుంటే నీకేం నొచ్చింది?”

“నాకే నొచ్చింది” అన్నాడు బాపు.

ముట్టడానికి కూడా ఇష్టం లేని పంతులు చదువేం చెబుతాడని, ఆ బడి కంటే పటేలు కొట్టమే నయమని, అక్కడ కనీసం బర్రెలైనా ముట్టనిస్తాయని ఆయన అన్నాడు. తెల్లారి బడికి వచ్చి సారును అడుగుతానన్నాడు. జవాబు నచ్చకపోతే అటునుంచి అటే కొట్టానికి. నేను బర్రెల ముఖాలు ఒక్కొక్కటే తలుచుకున్నాను. వాటిలో ఒకటి పొడుస్తుంది.

మర్నాడు సారు బోర్డు మీద ఒక వాక్యం సగం రాసేసరికి బాపు గడప అవతల నిలబడ్డాడు. రుమాలు విప్పి చంకలో పెట్టుకున్నాడు.

“బాంచెన్ సారూ. నా పోరనికి చదువొస్తలేదా?”

వస్తున్నదన్నాడు సారు.

“తప్పులు చేస్తలేడా?”

చేస్తాడన్నాడు, కొంచెం నవ్వి.

“మరి ఎందుకు కొడ్తలేరు?”

సారు పాపం ఓపికగా చెప్పాడు. కాలేజీ సంగతి, గీత సంగతి, దెబ్బలు లేకుండా కూడా చదువు వస్తుందని నిరూపిస్తే రేపు అన్ని బడుల్లో పిల్లలకు మేలని. ఇది మంచి పద్ధతి, వీడి మంచికే అన్నాడు. బాపు తల ఊపుతూ అంతా విన్నాడు.

“గంత మంచిదైతే ఆ దిక్కోల్లకు ముందుగాల ఎందుకు పెట్టలేదు సారూ? మంచి అనేది మొదలు మా దిక్కు ఎన్నడన్న వచ్చిందా?”

సారు తల వంచి తాను గీసిన గీతను చూశాడు. దీనికి జవాబు కాలేజీలో చెప్పి ఉండరు.

“ఒక్క దెబ్బ” అన్నాడు బాపు. “కట్టె వద్దు. చేత్తోటి. గంతే. రేపటి సంది వాడు ఈడనే ఉంటడు.”

నేను లేచి నిలబడి వీపు అటు తిప్పాను. కళ్లు మూసుకున్నాను. సారు నా వెనక్కి వచ్చిన అడుగుల చప్పుడు వినిపించింది. అవి నా వెనకే ఆగాయి. పరిశోధన చెడుతుందని ఆగాడో, ఇంకెందుకు ఆగాడో నాకు ఈనాటికీ తెలియదు. చివరికి చెయ్యి నా వీపు మీద పడింది. దెబ్బ అనడానికి తక్కువ, నిమరడం అనడానికి ఎక్కువ.

బాపు రెండు చేతులూ జోడించి, రుమాలు చుట్టుకుని పొలానికి వెళ్లిపోయాడు. ఆయన మలుపు తిరిగాక సారు వరండాలోకి వెళ్లి, మేం ముట్టుకోకూడని ఇత్తడి బిందెలోంచి నీళ్లు ముంచుకుని చేతులు కడుక్కున్నాడు. వచ్చి తడి చేతులతో మిగతా సగం వాక్యం రాశాడు.

సాయంత్రం బాపు నన్ను వెనక్కి తిప్పి చూశాడు. నా అంగీ మీద సుద్దతో ఐదు వేళ్లూ అచ్చుపడి ఉన్నాయి. ఉతుకుతానని అవ్వ అంటే ఉండనిమ్మన్నాడు. ఆ రాత్రి కంచం ఖాళీ చేశాడు. బిందె సంగతి చెబితే తెల్లారి నేను కొట్టంలో ఉంటాను. చెప్పలేదు. అలా బడిలో ఉండిపోయాను. నెల తిరిగాక సారు నన్ను లెక్కలోంచి తీసేసి మిగతావాళ్లతో పరిశోధన ముగించుకుని వెళ్లిపోయాడు.

అంగీ మీద పడింది సుద్దే కాబట్టి ఆయన కడుక్కున్నదీ సుద్దనే అయి ఉంటుంది. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ వాక్యం ఇంకా సగమే అయింది కదా, ఇంకా సుద్ద పట్టుకోవలసే ఉంది కదా అని ఇంకో మాట వెంటనే అడ్డం వస్తుంది.

తర్వాత చాలా ఏళ్లకు నేనూ ఆ కాలేజీకే శిక్షణకు వెళ్లి పంతులునై వచ్చాను. బోర్డు మీద ఎలా రాయాలో, పాఠమయ్యాక చేతులు ఎలా శుభ్రం చేసుకోవాలో అక్కడ నేర్పారు. మొదటిది వంటబట్టింది. రెండోది పిల్లల ముందు ఇప్పటికీ చేతకాదు. సుద్ద చేతులు పంచెకే తుడుచుకుంటాను. పంచెల మీద తెల్లటి మరకలు ఎంత ఉతికినా పోవడం లేదని మా ఇంటావిడ సణుగుతుంటుంది. ఆమెకు కూడా బిందె సంగతి చెప్పలేదు.