జ్వరం పేజీలు

మొన్న ఎమ్మిగనూరులో కారం ఆడించుకుందామని పిండిమరకు వెళ్తే, వరసలో నిలబడ్డవాళ్లందరికీ దగ్గు వచ్చింది, నాకు ఒక పుస్తకం గుర్తొచ్చింది. మిరప ఘాటుకి పుస్తకం గుర్తు రావడమేమిటని మీకనిపించవచ్చు. మిరప దుమ్ము పట్టిన ఆ పుస్తకం తెరిస్తే ఎవరికైనా తుమ్ము రావలసిందే. ఏటా సుగ్గికి పోయేటప్పుడు మా మేనత్త దాన్ని బియ్యం మూటలో దోపి గుంటూరు దాకా తెచ్చేది. సుగ్గి అంటే పంటల పండగేదో అనుకునేరు. మా హొళగుంద వైపు పల్లెల్లో చేలు ఎండి పనులు లేకుండా పోయాక, ఇళ్లకు తాళాలేసి, పిల్లల్నీ గిన్నెల్నీ లారీ ఎక్కించుకుని మిరపకాయలు కోయడానికి పోవడమే సుగ్గి. పగలంతా కోత, చీకటి పడితే చేను గట్టున గుడారాలు.

ఆ పుస్తకానికి అట్ట లేదు, మొదటి కాగితాలు కొన్ని లేవు, కాబట్టి పేరు కూడా లేదు. ఆదోనిలో పొట్లాలు కట్టే పాత కాగితాల కుప్పలోంచి అత్త అడిగి తెచ్చుకుందట. ఆమెది రాత్రిబడి చదువు, నాది ఇంటర్ దాకా పోయి తప్పిన చదువు. అయినా గుడారాల దగ్గర చదివే పెత్తనం అత్తదే. ఒకసారి నేను అందుకోబోతే, "నువ్వు సదివితే రేడియోలో ధరలు సెప్పినట్టుంటాదిమే, ఇట్లియ్యి" అని లాక్కుంది. నిజమే. ఆమె ఒత్తులు మింగేసి, దీర్ఘాలు సాగదీసి చదువుతుంటే, ఆ కథలోని గయ్యాళి అత్తగారు మా పొయ్యి పక్కనే కూర్చున్నట్టుండేది. కోత ముగించి, మండే చేతులకు నూనె రాసుకుని ఆడవాళ్లంతా చేరేవాళ్లు. కథ అందరికీ కంఠతా వచ్చు. అందులో ఏడేళ్ల పిల్లకి జ్వరం వస్తుంది. బయట వాన, వాగు పొంగి డాక్టరు రాలేడు, పిల్ల కన్ను తెరవదు. చివరికి ఒక తెల్లవారుజామున లేచి ఆకలంటుంది. అక్కడికొచ్చేసరికి మాలో ఎవరో ఒకరు "ఇంత గంజి పోయండప్పా ఆ బిడ్డకు" అనేవాళ్లు. అందరం నవ్వుకుని అన్నాలకు లేచేవాళ్లం.

ఒక ఏడు సుగ్గిలో అత్త కూతురికి జ్వరం వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల. ఎండదెబ్బ అనుకుని, గుడారంలో పడుకోబెట్టి కోతకు పోయాం. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. ఊరికి తెచ్చుకునే దారి లేక అక్కడే కాలువ గట్టున పూడ్చి వచ్చాం. మనది కాని ఊళ్లో పిల్లను వదిలి లారీ ఎక్కాం.

మరుసటి ఏడు మళ్లీ అదే లారీ ఎక్కాం. ఎక్కకపోతే జరగదు. అత్త మూటలో పుస్తకం కనబడేసరికి ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. ఒకామె నన్ను పక్కకు పిలిచి, "ఈతూరి నువ్వే సదువు. జొరం పేజీలు దాటేయి" అంది. ఆ సాయంత్రం పుస్తకం నేనే తీసుకున్నాను. అత్త మోకాళ్లు పట్టుకుని వింటూ కూర్చుంది. జ్వరం దగ్గరికి రాగానే కాగితాలు కొన్ని కలిపి తిప్పేసి, ఆ తరవాతి పెళ్లి ముచ్చట అందుకున్నాను.

"యాడికి పోతాండావు?" అంది అత్త. "ఎనక్కి రా."

"అది వద్దులే అత్తా" అన్నాను.

"వద్దంటే ఎట్లమే. జొరమే రాకుంటే ఆ పిల్ల బతికేది యాడ?"

పుస్తకం ఆమె చేతికిచ్చాను. వానా, వాగూ, కన్ను తెరవని పిల్లా, ఒక్క మాట వదలకుండా చదివింది. పిల్ల ఆకలన్న చోట వేలు పెట్టి ఆగి, ఆ మాటే మళ్లీ చదివింది. ఇంకోసారి చదివింది. గంజి మాట ఎత్తడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. అప్పటినుంచి ఆమెకు మిగతా కథ అక్కర్లేకపోయింది, ఆ పేజీల కోసమే పుస్తకం తెరిచేది. మతి చలించిందని కొందరన్నారు. ఆ మాట వింటే నాకు కోపమొచ్చేది. పిల్ల బతుకుతుందని తెలిసి కూడా ఆమె ప్రతిసారీ భయపడేది, ప్రతిసారీ బతికించుకునేది. ఇంకే ఓదార్పూ ఆమె దగ్గరికి రాలేదు.

అత్త ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. చూపు ఆనదు. మొన్న కారం డబ్బా దించి చేతులు కడుక్కున్నానో లేదో, "జొరం కాడ్నించి సదువుమే" అంది. చదివాను. కూతురు ఉండుంటే ఈపాటికి తానే ఇద్దరు పిల్లల తల్లయ్యేది. పుస్తకంలో పిల్లకి ఇంకా ఏడేళ్లే, కాలువ గట్టున ఉన్నదానికి ఇంకా ఎనిమిదేళ్లే. వాళ్లిద్దరి జోలికీ పోని కాలం మా అత్తనొక్కదాన్నే ముసలిదాన్ని చేసింది.